దర్వాజాల పేర్లు, దరఖాస్తుల దారులు

(గ్రంథపాలకుల, ఉపాధ్యాయుల సమావేశమున చేసిన ప్రసంగమునకు పాఠము)

సూరత్ నగరము చుట్టు పూర్వము ప్రాకారములు ఉండెడివి. గోడలు చాలవరకు అదృశ్యమైనవి. ద్వారముల పేర్లు మాత్రము జనుల నోట నేటికిని నిలిచి ఉన్నవి. ఢిల్లీ గేటు, ఉధనా దర్వాజా, కతర్‌గామ్ దర్వాజా. ఈ పేర్లలో ఒక విశేషము కలదు. ద్వారము కట్టించిన నవాబు పేరు గాని, కావలి ఉన్న సేనాని పేరు గాని వీనికి పెట్టలేదు. ఆ ద్వారము దాటిన బాట ఏ ఊరికి చేరునో ఆ ఊరి పేరే ద్వారమునకు పేరైనది. కతర్‌గామ్ పోవలసినవాడు కతర్‌గామ్ దర్వాజాకు పోవును. అంతకుమించి అతనికి ఏమియు తెలియనక్కరలేదు. హైదరాబాదు కోటగోడకును ఒక ఢిల్లీ దర్వాజా ఉండెడిది. సూరత్‌లోనే లాల్ దర్వాజా అని మరియొకటి కలదు. అది ఎఱ్ఱనిదని చూచినవానికి తెలియును. ఎక్కడికి దారితీయునో ఆ పేరు చెప్పదు. ఊరివారికి ఆ పేరు చాలును. కొత్తవానికి చాలదు.

ఒక గ్రంథాలయపు సూచిక, ఒక ఆసుపత్రి గోడపై పలక, ఒక పురపాలక కార్యాలయమున కిటికీలపై వ్రాసిన శీర్షికలు, నేడు చేతిలోని ఫోను తెరపై కనిపించు పట్టిక: ఇవన్నియు ద్వారములే. వీనిని అమర్చువాడు లోపలివాడు. వీనిని చదువువాడు వెలుపలివాడు. లోపలివానికి ఇంటి గదులు తెలియును. వెలుపలివానికి తన అవసరము ఒక్కటే తెలియును. ఈ రెంటికిని నడుమనున్న దూరము ఎంత నష్టము కలిగింపగలదో, దానిని తగ్గించుటకు ఎట్టి యత్నము జరిగినదో తెలిసికొనుటకు కతర్‌గామ్ మంచి ఉదాహరణము.

కతర్‌గామ్ పాత నగరమునకు ఉత్తరముగా, తాపీ నది ఒడ్డున ఉన్నది. పేరులోని ‘గామ్’ గ్రామమే. ఒకప్పుడు గోడ వెలుపలి పల్లె. నేడు సూరత్ మహానగరపాలిక ఉత్తర మండలమునకు కేంద్రము. ప్రపంచమున సానపట్టబడు వజ్రములలో చాల భాగము సూరత్ కార్ఖానాల గుండా పోవుచున్నది. ఆ కార్ఖానాలు కతర్‌గామ్‌లోను, పొరుగున ఉన్న వరాఛాలోను దట్టముగా ఉన్నవి. ఆ పనివారిలో అధికులు సౌరాష్ట్ర నుండి వచ్చినవారు. మరమగ్గముల పనివారిలో ఒడిశాలోని గంజాం జిల్లావారు అధికులు; వేడ్ రోడ్డు ప్రాంతమున వారి నివాసములు అనేకము. గంజాం 1936 వరకు మద్రాసు రాజధానిలో ఉన్న జిల్లా. అక్కడివారిలో తెలుగు మాటాడువారు కొందరు, తెలుగు అర్థమగువారు మరికొందరు. తెలంగాణము నుండి వచ్చిన పద్మశాలీలు లింబాయత్, ఉధనా వైపు ఎక్కువగా స్థిరపడినారు. మరాఠీ, హిందీ, ఉర్దూ మాటాడువారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నగరపాలిక పక్షమున నడచు ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యములు కూడ ఉన్నవి. ఒక పురపాలక సంస్థ ఇన్ని భాషలలో అక్షరాభ్యాసము చేయించుట సామాన్య విషయము కాదు. అయితే బడిలో పిల్లవాని భాషకు దొరికిన స్థానము కార్యాలయపు కిటికీ వద్ద తండ్రి భాషకు దొరకునా అన్నది వేరొక ప్రశ్న.

సూరత్‌లో పురపాలక సంఘము 1852లో ఏర్పడినది. 1966లో అది కార్పొరేషన్ అయినది. ప్రధాన కార్యాలయము ముగ్లీసరాలో ఉన్నది. పేరే చెప్పుచున్నట్లు అది మొగలుల నాటి సరాయి. షాజహాను కాలమున 1644లో బాటసారుల కొరకు కట్టిన భవనము. దారి తెలియని బాటసారికి నీడనిచ్చుటకు కట్టిన ఇల్లు, దారి తెలియక పౌరుడు తిరుగవలసిన కార్యాలయముగా మారుట చరిత్రలోని చిన్న పరిహాసము.

తిరుగుట ఎందులకు? దేశమునందలి ఇతర పురపాలక సంస్థల వలెనే ఇక్కడను పని శాఖల వారీగా పంచబడి ఉండెడిది. నీటికి ఒక శాఖ, మురుగునకు ఒక శాఖ, రోడ్లకు ఒకటి, ఆరోగ్యమునకు ఒకటి. నిర్ణయాధికారము కేంద్ర కార్యాలయమున ఉండెడిది. లోపలివానికి ఈ విభజన ఎంతో సహజము. నీటి ఇంజనీరు చదువు వేరు, వైద్యాధికారి చదువు వేరు. కాని వేడ్ రోడ్డు సందులో ఒక గొట్టము పగిలి, రోడ్డు కుంగి, మురుగు కలిసిన నీరు ఇంటి ముంగిట నిలిచినదనుకొందము. అది నీటి శాఖ పనియా, రోడ్ల శాఖ పనియా, మురుగు శాఖ పనియా, దోమలు పెరుగుచున్నవి గనుక ఆరోగ్య శాఖ పనియా? పన్నెండు గంటల పాళీ ముగించుకొని వచ్చిన మగ్గపు కార్మికుడు ఈ ప్రశ్నకు సమాధానము ముందుగా తెలిసికొనిన గాని సరియైన కిటికీ వద్దకు పోలేడు. తన బాధ ఏదో అతడు చెప్పగలడు. అది ఎవరి బాధ్యతయో చెప్పవలసిన భారము కూడ అతనిపైననే పడినది.

1994 సెప్టెంబరులో తాపీ వరదనీరు తీసిన పిదప సూరత్‌లో ప్లేగు వార్త వెలువడినది. తొలి రోగులు కనిపించిన ప్రాంతములలో వేడ్ రోడ్డు ఒకటి. కొద్ది దినములలో లక్షల మంది నగరము విడిచి రైళ్లలోను, బస్సులలోను వెళ్లిపోయినారు. వారిలో అధిక భాగము ఇతర రాష్ట్రముల నుండి పనికై వచ్చినవారే. మరణముల సంఖ్య పదులలో ఉన్నది. భయము మాత్రము దేశమంతట వ్యాపించినది, విదేశములు విమానములను కూడ నిలిపివేసినవి. చెత్త తొలగకపోవుట, నీరు నిలుచుట ఒక్కనాటి తప్పులు కావు. ఎవరికి చెప్పవలెనో తెలియక చెప్పకుండ ఊరకున్న వేలకొలది మాటలు ఆ సందులలో పేరుకొని ఉన్నవి.

1995లో సూర్యదేవర రామచంద్రరావు నగరపాలిక కమీషనరుగా వచ్చినారు. ఆయన చేసిన పనులలో పారిశుద్ధ్యము, ఆక్రమణల తొలగింపు ఎక్కువ ప్రసిద్ధికెక్కినవి. రెండవదానిపై విమర్శలును వచ్చినవి. ఈ ప్రసంగమునకు కావలసినది అంతగా ప్రసిద్ధము కాని మరొక పని. నగరమును ఆయన ఆరు మండలములుగా విభజించినారు. ప్రతి మండలమునకు ఒక అధికారిని నియమించి, ఆర్థిక, పాలనాధికారములను అతనికి బదలాయించినారు. నీరు, మురుగు, చెత్త, రోడ్డు, ఆ మండలమునకు సంబంధించినంత వరకు ఒక్క చోటికి వచ్చినవి. అధికారులు ప్రతి ఉదయము చల్లని గదులు విడిచి వీథులలో తిరుగవలెనని, మధ్యాహ్నము కలిసికొని చూచినది చెప్పవలెనని నియమము ఏర్పడినది. ఫిర్యాదులకు రంగుల కార్డులు వచ్చినవి. త్వరగా తీరవలసినవానిని వేరు రంగు కార్డు తెలుపును. నగర సరిహద్దులు 2006లోను, 2020లోను పెరిగినవి. మండలముల సంఖ్యయు పెరిగినది. ఉత్తర మండలము మాత్రము కతర్‌గామ్‌లోనే ఉన్నది.

ఇందు జరిగినదేమి? శీర్షిక మారినది. ‘ఇది ఏ శాఖ పని?’ అన్న ప్రశ్నకు బదులు ‘నీవు ఎక్కడ ఉన్నావు?’ అన్న ప్రశ్న వచ్చినది. మొదటిదానికి కార్మికుని వద్ద జవాబు లేదు. రెండవదానికి నిరక్షరాస్యుడును జవాబు చెప్పగలడు. 1996లో జరిగిన ఒక పరిశీలనలో సూరత్ దేశమున చండీగఢ్ తరువాత రెండవ పరిశుభ్ర నగరముగా పేర్కొనబడినది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి ప్రథమ స్థానము పొందినది. ఈ కీర్తికి ముఖ్య కారకులు రాత్రులు చీపురు పట్టిన పారిశుద్ధ్య కార్మికులు. కాని వారి చీపురు సరియైన సందుకు సరియైన వేళకు పోవుటకు శీర్షికల మార్పు తోడ్పడినదనుట అతిశయోక్తి కాదు.

గ్రంథపాలకులకు ఈ కథ కొత్తది కాదు. శియాళి రామామృత రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగా చేరినారు. శిక్షణకు లండను వెళ్లినారు. అక్కడ అప్పటికి వాడుకలో ఉన్న డ్యూయీ దశాంశ పద్ధతి 1876 నాటిది. అందు ప్రతి విషయమునకు ముందుగానే ఒక గూడు కట్టి ఉంచబడినది. మతమునకు కేటాయించిన గూళ్లలో అధిక భాగము క్రైస్తవమునకే పోయినది. కట్టినవాని ఇల్లు అట్టిది. ఒక దుకాణములో మెకానో అను పిల్లల ఆటబొమ్మ చూచి, అవే ముక్కలను వేరువేరుగా కూర్చి వేరువేరు వస్తువులు చేయుట గమనించి, ఆయన తన ద్విబిందు వర్గీకరణమునకు బీజము కనుగొన్నారని ప్రసిద్ధి. అది 1933లో ప్రకటితమైనది. ఒక గ్రంథమును ఒకే గూటిలో బంధింపక, అది దేనిని గూర్చినది, ఏ పదార్థము, ఏ క్రియ, ఏ స్థలము, ఏ కాలము అని అయిదు వైపుల నుండి చూచుట ఆ పద్ధతి సారము. ఆ వైపునకు ఇంగ్లీషున ఫాసెట్ అని పేరు. వజ్రమునకు సానపట్టి తీర్చిన ముఖతలమునకు ఇంగ్లీషువారు వాడునదియు ఆ మాటయే. కతర్‌గామ్ కార్ఖానాలో రాళ్లు వేరుచేయు పనివాడు రంగనాథన్ పేరు వినియుండకపోవచ్చును. కాని ఒక్కొక్క రాయిని బరువును బట్టి, కోతను బట్టి, రంగును బట్టి, నైర్మల్యమును బట్టి నాలుగు విధముల గుర్తించుట అతనికి నిత్యకృత్యము. రాయిని ఒక్క పేరుతో ముగింపరాదని అతనికి తెలియును.

పురపాలక సంస్థయు స్థలమును ఒక్కదానినే పట్టుకొన్న చాలదు. జనన నమోదు సంగతి చూడుడు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము బిడ్డ ఎక్కడ పుట్టినదో అక్కడి అధికారి వద్ద నమోదు జరుగవలెను. తల్లిదండ్రులు కాపురమున్న చోట కాదు. వేడ్ రోడ్డు దంపతుల బిడ్డ నగరమున మరొక మండలములోని ఆసుపత్రిలో పుట్టవచ్చును. పురిటికి పుట్టినింటికి పోవు ఆచారమును బట్టి సిరిసిల్లలోనో, బరంపురములోనో పుట్టవచ్చును. ‘నీ మండల కార్యాలయమునకు పొమ్ము’ అని పలక చెప్పును. తండ్రి కతర్‌గామ్‌కే పోవును. అక్కడ ఆ బిడ్డ పేరు ఉండదు. చట్టమున 2023లో జరిగిన సవరణ ఆ సంవత్సరము అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అప్పటి నుండి పుట్టినవారికి బడి ప్రవేశము మొదలుకొని అనేక విషయములకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారము. కనుక ‘స్థలము’ అన్న శీర్షిక క్రింద ‘బిడ్డ పుట్టిన స్థలము’ అన్న మూడు మాటలు లేకపోవుట వలన తండ్రికి రెండు దినముల కూలి పోవచ్చును. బిడ్డకు చదువులో ఒక సంవత్సరము పోవచ్చును.

ఇక మాటల సంగతి. ఇది అన్నిటికంటె చిక్కైనది. భారతీయ భాషలలో ఒకే మాట పలు ఇళ్లలో కాపురము చేయుచున్నది గాని, ఇంటింటికి దాని బుద్ధి మారుచున్నది. జనన ధ్రువపత్రమును గుజరాతీవారు ‘జన్మనో దాఖలో’ అందురు. మరాఠీవారి ‘దాఖలా’యు అట్టిదే. హిందీవాడు ‘దాఖిలా’ అని వినగానే బడిలో ప్రవేశమనుకొనును. తెలుగువానికి దాఖలు చేయుట అనగా కాగితము సమర్పించుట. ‘దాఖలా లేదు’ అన్నచో ఆనవాలు లేదని. గుజరాతీ బడిపిల్లవానికైతే దాఖలో అనగా లెక్కల పుస్తకములోని లెక్క కూడ. ఒక కిటికీపై ఈ మాట వ్రాసినచో, కాగితము తీసికొనుటకు కొందరు, ఇచ్చుటకు కొందరు, బిడ్డను బడిలో వేయుటకు కొందరు వరుసలో నిలుతురు. వరుస ఒకటే.

ఫిర్యాదు అన్నది గుజరాతీకిని తెలుగుకును ఉమ్మడి సొత్తు. ‘ఫరియాద్’ అన్నచో తెలుగువాడు పోల్చుకొనగలడు. మరాఠీవారు దానినే ‘తక్రార్’ అందురు. గుజరాతీలో తక్రార్ కలహము. తెలుగులో తకరారు వివాదము. మరాఠీ ఫిర్యాదుల పెట్టె గుజరాతీవాని కంటికి జగడముల పెట్టెగా కనిపించును. ఒడియాలో ఫిర్యాదునకు ‘అభియోగ్’ అను మాట కలదు. సంస్కృత పదము గనుక అన్ని భాషలవారికి తెలియునని దానిని ఎంచిన అధికారి పొరబడినట్లే. తెలుగున అభియోగము నేరారోపణము. కుళాయి నీరు రాలేదని చెప్పవచ్చిన అమాయకుడు అభియోగము మోపుటకు వచ్చితినా అని వెనుదిరుగవచ్చును. సంస్కృత పదమైన చాలు, దేశమంతట చెల్లునన్న నమ్మకము అనువాదకులలో చాలమందికి ఉన్నది. అది సగము నిజము, సగము ప్రమాదము.

గుజరాతీలో శాఖను ‘ఖాతుం’ అందురు, తెలుగువానికి ఖాతా అనగా బ్యాంకు పుస్తకము. తెలుగులో శాఖ అన్నది ప్రభుత్వ విభాగము. హిందీ, గుజరాతీలలో అది బ్యాంకు కొమ్మ. రెండు భాషలును మాటలను తారుమారుగా పంచుకొన్నట్లున్నవి. ఇంటి పన్ను ‘ఘర్‌వేరో’. ఇల్లు వేరైనదేమో అని తెలుగు చెవికి తోచును. కాపురము వేరుపెట్టిన కొడుకు సంగతి కాదు. ‘కచేరీ’ గుజరాతీలో నేటికిని కార్యాలయమే. తెలుగునను పూర్వము అంతే. తరువాత సంగీతము ఆ మాటను ఎత్తుకొనిపోయినది. ఈ చిక్కులన్నిటికి నిఘంటువు మందు కాదు. నిఘంటువు మాటకు మాట ఇచ్చును. కావలసినది పనికి మాట. ‘బిడ్డ పుట్టినట్లు కాగితము తీసికొనుటకు’ అని వ్రాసినచో ఏ భాషలోనైనను పొరబడుటకు తావు ఉండదు. అది పొడుగని, గౌరవముగా లేదని లోపలివారు అభ్యంతరము చెప్పుదురు. ఉధనా దర్వాజా అన్న పేరును గౌరవప్రదము కాదు, దారి చెప్పునంతే.

శీర్షికల వరుస విషయమున మాత్రము మన లిపులు ఒక అదృష్టమును ఇచ్చినవి. గుజరాతీ, దేవనాగరి, ఒడియా, తెలుగు అక్షరముల రూపములు వేరైనను వర్ణమాల క్రమము ఒకటే: అచ్చుల తరువాత కకారము, చకారము, టకారము, తకారము, పకారము. ప్రాంతముల పేర్లను అకారాదిగా పేర్చినచో కతర్‌గామ్, లింబాయత్ నాలుగు లిపులలోను అదే వరుసన నిలుచును. తెలుగున హ్రస్వ ఎకార ఒకారములు అదనము; అది పెద్ద అడ్డంకి కాదు. ఉర్దూ క్రమము వేరు గనుక దానికి ప్రత్యేకముగా పేర్చవలెను. కాని స్థలముల పేర్లకు నప్పిన ఈ సౌకర్యము పనుల పేర్లకు నప్పదు. ఒకే పనికి ఒక భాషలో ‘జ’తోను, మరొక భాషలో ‘పు’తోను మొదలగు పేరు ఉండును. అక్కడ జనులు ఎక్కువగా అడుగు పనిని ముందు పెట్టుటయే మేలు. ప్రతి పట్టిక చివర ‘ఇతరములు’ అని ఒకటి ఉండును. వర్గీకరించినవాని శ్రద్ధ ఎక్కడ అలసినదో అది చూపును. ఆ కిటికీ వద్ద వరుస పొడవుగా ఉన్నచో పైనున్న శీర్షికలను తిరిగి వ్రాయవలసిన సమయము వచ్చినదని గ్రహింపవలెను.

పట్టికను మార్చునపుడు పాత పట్టికకు అలవాటుపడినవారికి కొత్త నష్టము కలుగును. గ్రంథాలయమున అరలు మార్చిన మరునాడు నిత్యపాఠకులు ఎంత నొచ్చుకొందురో గ్రంథపాలకులకు తెలియును. పదేండ్లుగా ముగ్లీసరాకు పోయి పని జరుపుకొన్న వృద్ధునికి మండల కార్యాలయము మంచిదని వాదించి లాభము లేదు. గ్రంథాలయములలో ‘చూడుము’ కార్డులు ఇందుకే ఉన్నవి. పాత శీర్షిక క్రింద వెదకువానిని విసిగింపక, కొత్త చోటు ఫలానా అని ఆ కార్డు చెప్పును. నేడు దరఖాస్తులు పౌర కేంద్రములకు, అక్కడి నుండి ఫోను తెరలకు చేరినవి. అచ్చటను పాత పేరు చెప్పి అడిగినవానికి కొత్త చోటు చూపు కార్డు ఒకటి అవసరమే. తెరపై స్థలము చాలదన్నది సమాధానము కాజాలదు. కార్డు మూడు అంగుళములే ఉండెడిది.

పట్టిక వ్రాయుటకు ముందు చేయదగిన పరీక్ష ఒకటి కలదు. దీనికి ఖర్చు లేదు. సంస్థ చేయు పనులను నలువది చీటీలపై, చీటీకి ఒకటి చొప్పున వ్రాయవలెను. చదువరాని వారికి చదివి వినిపింపవలెను. వానిని ఒకరి చేతికి ఇచ్చి, కలిసి ఉండదగినవానిని ఒక కుప్పగా వేయుమని, తరువాత కుప్పకు పేరు పెట్టుమని అడుగవలెను. మధ్యలో సాయము చేయరాదు. పది మందితో చేసినచో ఏ చీటీలు ఎల్లప్పుడు కలిసి ఉండునో, ఏవి ఇంటింటికి మారునో తెలియును. బడి గ్రంథాలయమున ఒక మధ్యాహ్నము పిల్లలతో దీనిని చేయవచ్చును. చీటీలపై పుస్తకముల పేర్లు వ్రాసిన చాలును. కుప్పలలో టీకా, జనన ధ్రువపత్రము, బడి ప్రవేశము ఒక్కటిగా చేర్చి, ఒక తల్లి దానికి ‘పిల్లవాని పనులు’ అని పేరు పెట్టవచ్చును. కార్యాలయమున అవి మూడు శాఖలు, మూడు అంతస్తులు. ఆ మూడు చీటీలను ఆమె పేరు క్రిందనే ఉంచి, లోపలి మూడు అంతస్తుల నడుమ కాగితమును నడిపించు బాధ్యతను గుమాస్తాకు అప్పగించుట సాధ్యమే.